టీచరమ్మ చేతులు

పాత కార్లు బాగుచేయడంలో ఆ వీధిలో మేస్త్రీని మించినవాడు లేడు. మోత విని రోగం చెప్పేస్తాడని పేరు. ఆ పేరు ఆయన తలకెక్కి చాలాకాలమైంది.

ఒకరోజు రిటైరైన లెక్కల టీచరమ్మ తన ఇరవై ఏళ్ల కారు తెచ్చి, "స్టీరింగు రాయిలా ఉందయ్యా, తిప్పితే మూలుగుతోంది" అంది. స్టీరింగును తేలిక చేసే పంపు పోయిందని మేస్త్రీ నిలబడ్డచోటే తేల్చేసి, కొత్తది బిగించాడు. మూలుగు ఆగింది. వారం తిరక్కుండానే ఆవిడ మళ్లీ వచ్చింది.

"శబ్దం పోయింది గానీ, మలుపు తిరిగేటప్పుడు పట్టేస్తోంది."

బానెట్ ఎత్తి చూశాడు. ఆయిలు నిండుగా ఉంది, బెల్టు బిగువుగా ఉంది. ఇంకేముంటుంది? కార్లో కూర్చుని తిప్పి చూడడం నామోషీ అనిపించింది.

"బండికేం లేదు టీచరమ్మా. అరవై దాటాక చేతుల్లో సత్తువ ఎక్కడుంటుంది చెప్పండి?"

షెడ్డులో బెంచీ మీద ఉన్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆవిడ తన అరచేతుల వంక చూసుకుని వెళ్లిపోయింది.

నెల్లాళ్ల తర్వాత ఆవిడ అల్లుడు ఆ కారు తెచ్చాడు. "అత్తయ్య ఇక నడపనంటున్నారు. అమ్మేయాలి, ఒకసారి చూసిపెట్టండి."

కారును షెడ్డులో పెట్టబోయిన మేస్త్రీకి స్టీరింగు సగంలో పట్టేసింది. గట్టిగా లాగితే గానీ కదల్లేదు. చెవులు వేడెక్కాయి. జాకీ వేసి ముందు చక్రాలు గాల్లోకి లేపి స్టీరింగు తిప్పాడు. చక్రాలకు నేల తగలకపోయినా ప్రతి చుట్టులోనూ అదేచోట పట్టేస్తోంది. అంటే తప్పు పంపుది కాదు. వంగి చూస్తే స్టీరింగు కడ్డీ కింద జాయింటు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. పది నిమిషాల్లో దొరికే లోపం!

జాయింటు మార్చాక స్టీరింగు ఒక్క వేలితో తిరిగింది.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు అల్లుడు.

"కొత్తగా వచ్చిన రోగమండీ" అనేశాడు. కారు వెళ్లిపోయింది. ఆ అబద్ధం మాత్రం ఆయన్ని వదల్లేదు. రాత్రి భార్య వడ్డించిన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. ఏడాది మనవరాలు ఆవిడ కాళ్ల దగ్గర నిలబడి, ఎత్తుకోమని చేతులు చాస్తోంది. ఆవిడ ఎత్తుకోకుండా కుర్చీలో కూర్చుని ఒళ్లోకి లాక్కుంది.

"టీచరమ్మా, తప్పు నాది. జాయింటు బిగుసుకుపోయింది. నేను చూడకుండానే ఆ మాట అనేశాను. నిన్న మీ అల్లుడుగారికి కూడా అబద్ధం చెప్పాను."

ఆవిడ తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"అంటే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట. పడేస్తానేమోనని నెల్లాళ్లుగా దీన్ని ఎత్తుకోలేదయ్యా."

మేస్త్రీ తల వాలిపోయింది.

"బళ్లో పిల్ల లెక్క తప్పితే మళ్లీ చేయిస్తాం" అంది ఆవిడ. "నువ్వు లెక్కే చూడకుండా పిల్లకి తెలివి లేదని పంపేశావు."

క్షమించానని అనలేదు. లేచి, పాపను చంకనేసుకుని లోపలికి వెళ్లింది.

ఆవిడ కారు అమ్మలేదు. బాగుచేయించడానికి మాత్రం పక్కవీధి షెడ్డుకి తీసుకెళ్తోంది. అప్పుడప్పుడు ఆవిడ నిమ్మళంగా మలుపు తిప్పుకుంటూ మేస్త్రీ షెడ్డు ముందు నుంచే వెళ్తుంది. ఆయన అప్పుడు ఏ బానెట్ కిందో తల పెట్టి, కారు దాటిపోయేదాకా పైకెత్తడు.