చిన్నమ్మ పింఛనూ నా ప్రవచనమూ

ఏడాదిన్నర పాటు నేను ప్రవక్తగా చెలామణి అయ్యాను. మారేడ్‌పల్లిలో మా చర్చివాళ్ళకు ఈ సంగతి తెలియదు. అక్కడ నేను సండే స్కూలు టీచరును. పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించమంటారు గానీ, జరగబోయేవి చెప్పమని నన్నెవరూ అడగరు. నా ప్రవచనమంతా జూబ్లీ బస్టాండు నుంచి రెండు గంటల దూరంలో, మా చిన్నమ్మ ఊళ్ళో నడిచింది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన పోయాక కొడుకు, కోడలి దగ్గర ఉంటోంది. వాళ్ళకున్నది ఎకరన్నర పత్తిచేను, అదీ వాన దయ మీద. కొడుకు వేరేవాళ్ళ ట్రాక్టరు నడుపుతాడు, చిన్నమ్మ వేరేవాళ్ళ చేలలో పత్తి ఏరుతుంది. వితంతు పింఛను మంజూరైనప్పుడు ఖాతా తెరిపించడానికి నేనే తోడు వెళ్ళాను. బ్యాంకువాళ్ళు ఫోను నంబరు అడిగారు. చిన్నమ్మకు ఫోను లేదు. నా నంబరు రాసి వచ్చాను. అంతకు మించి నేను పొందిన అభిషేకం ఏమీ లేదు.

పింఛను ఏ తేదీన పడుతుందో పైనున్న దేవునికీ సర్కారుకూ తప్ప ఎవరికీ తెలియదు. బ్యాంకేమో మండలంలో ఉంది. ఆటో కిరాయి పెట్టుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని వెళితే, "ఇంకా పడలేదమ్మా" అని పంపేస్తారు. ఊళ్ళో పింఛను ఆడవాళ్ళందరిదీ ఇదే తక్లీఫు.

ఒక ఉదయం ప్రార్థన ముగించి లేస్తుంటే నా ఫోనుకు బ్యాంకు మెసేజ్ వచ్చింది. కోడలి ఫోనుకు చేసి చిన్నమ్మను పిలిపించాను.

"చిన్నమ్మా, ఇప్పుడే ప్రార్థనల ఉంటే తెలిసింది. నీ పైసలు పడ్డయి, పో."

నవ్వుతుందనుకున్నాను. అవతలి నుంచి "స్తోత్రం" అని మాత్రం వినిపించింది. వెళ్ళింది. పైసలున్నాయి. ఆ ఆదివారం సాక్ష్యాల వేళ చిన్నమ్మ లేచి, పట్నంలో ఉన్న తన అక్క బిడ్డకు దేవుడు పింఛను దినాన్ని బయలుపరుస్తున్నాడని సంఘమంతటికీ చెప్పింది.

మరుసటి నెల నిజం చెప్పేద్దామనే ఫోను చేశాను. "ఏమన్న తెలిసిందా బిడ్డా?" అని ఆమె గొంతు తగ్గించి అడిగేసరికి నా నిజం నాలుక మీదే ఆగిపోయింది. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉంది. లేఖనాల్లో దేవుడు గాడిద నోట కూడా మాట్లాడించాడు కదా, నా నోట మాట్లాడిస్తే తప్పేమిటని సమర్థించుకున్నాను. ఆ పోలికలో గాడిద ఎవరో అప్పుడు ఆలోచించలేదు. ఊళ్ళో అందరి పింఛనూ ఒకే రోజు పడుతుంది గనుక, మెల్లగా సంఘంలోని మిగతా విధవరాండ్రు కూడా నా ఫోను వచ్చేదాకా ఆటో ఎక్కడం మానేశారు.

ఆ పింఛను చిన్నమ్మను ఎంత మార్చిందో చూడాలి. అంతకుముందు కానుక సంచి తన ముందుకు వస్తే, ఖాళీ పిడికిలి బిగించి సంచిలో పెట్టి తీసేది, పక్కవాళ్ళకు తెలియకుండా. పదిరూపాయల కోసం కొడుకును అడగడానికి ఆమెకు మనసొప్పేది కాదు. పింఛను మొదలయ్యాక నోటును మడత పెట్టకుండా, నలుగురికీ కనపడేలా పట్టుకుని వేయడం మొదలుపెట్టింది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని బోధ. చిన్నమ్మ కుడిచేయి చేసేది వరస మొత్తానికీ తెలిసిపోయేది. ఇంట్లో కోడలు కూడా పొద్దున్నే, "అత్తమ్మా, ఏం కూర వండాలె?" అని అడగడం షురూ చేసింది. అంతకుముందు వండింది తినడమే చిన్నమ్మ వంతు.

ప్రవక్త బత్తెం కూడా నాకు చక్కగా అందేది. బస్సుకు వచ్చే ఊరివాళ్ళతో గోంగూర పంపేది, బొబ్బెర్లు పంపేది. ఒకసారి ఏకంగా కోడిపుంజును పంపింది. అది మా అపార్ట్‌మెంటు బాల్కనీలో రెండు తెల్లవారుజాములు కూసింది. యేసును ఎరగనని బొంకి, కోడి కూత విని బయటికి వెళ్ళి ఏడ్చిన శిష్యుడు గుర్తొచ్చి నేను పక్క మీద ముడుచుకుపోయాను. మూడోనాడు వండేశాం. "నువ్వు ఇంకో నాలుగు దర్శనాలు చూడు," అన్నారు మావారు, కాలు ముక్క వేసుకుంటూ.

తర్వాత వరుసగా రెండు నెలలు నాకు ఏ మెసేజూ రాలేదు. ఊళ్ళో ఒకరిద్దరు ఓపిక చాలక బ్యాంకుకు వెళ్ళి తమ పైసలు తెచ్చుకున్నారట. చిన్నమ్మ మాత్రం, "మా బిడ్డ చెప్పలే, నేను పోను," అని కూర్చుంది. ఫోనులో నన్నే నిలదీసింది.

"మీ ఆయనతోని గిట్ల కొట్లాడినవా బిడ్డా?"

"లేదు చిన్నమ్మా."

"మరి ప్రార్థనల లోపం ఏడున్నది? నీ కోసమని శుక్కురారం ఉపాసం ఉంటున్న."

ఆ మాట విన్నాక ఫోనులోని పాత మెసేజ్‌లన్నీ వెతికాను. అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల కింద బ్యాంకు నుంచి ఇంగ్లీషులో ఒక పొడుగాటి మెసేజ్ వచ్చింది. చీరల దుకాణాల మెసేజ్‌లతో కలిపి చదవకుండానే తుడిచేశాను.

ఆ ఆదివారమే వాళ్ళ చర్చిలో కోత పండుగ. వెళ్ళాను. చిన్నమ్మ సంఘం మధ్యలోంచి నన్ను నడిపించుకుంటూ తీసుకెళ్ళి తన పక్కనే చాప మీద కూర్చోబెట్టుకుంది. కానుక సంచి వచ్చింది. ఆమె పిడికిలి బిగించి సంచిలో పెట్టి తీసింది. పండుగ నాడు, నా పక్కనే కూర్చుని.

మధ్యాహ్నం కోడలు తన పిల్లను తీసుకుని పక్కింటికి వెళ్ళింది. చిన్నమ్మ చాటలో బియ్యం ముందేసుకుని రాళ్ళు ఏరుతోంది.

"చిన్నమ్మా, దేవుడు నాకేం చెప్పలే. పైసలు పడితే బ్యాంకోళ్ళు నా ఫోనుకు మెసేజ్ పంపుతరు. అది చూసి చెప్పిన."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది."

"పుంజును పంపినప్పుడు సుత?"

"అప్పుడు సుత."

ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "తిన్నరా?"

"తిన్నం."

"ముదురుగ ఉండెనా?"

"లేదు, మంచిగనే ఉండె."

బ్యాంకు మెసేజ్‌ను తుడిచేసిన సంగతి చెప్పేసరికి మాత్రం ఆమె చేయి ఆగిపోయింది. "అంటే నా పింఛను పోయినట్టేనా?"

"రేపు బ్యాంకుకు పోదాం. వచ్చే ఆదివారం సంఘం ముందల నిలబడి నా తప్పు ఒప్పుకుంట."

"ముందుగాల నా పైసలు తే. ఒప్పుకునుడు యాడికి పోతది?"

సోమవారం నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు పెట్టి ఆమెతో బ్యాంకుకు వెళ్ళాను. వేలిముద్ర మళ్ళీ వేయాలని ఆ మెసేజ్ పంపారట. వేయనందుకు ఖాతా ఆపేశారు. చిన్నమ్మ బొటనవేలు పెట్టింది, యంత్రం ఒప్పుకోలేదు. చూపుడు వేలు పెట్టింది, ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి పత్తి ఏరి ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఏడాదిన్నరలో ఆ పింఛను కోసం నేను నిజంగా ప్రార్థన చేయడం అదే మొదటిసారి. చేయి కడుక్కొచ్చి, చీర కొంగుతో తుడుచుకుని ఉంగరపు వేలు పెడితే యంత్రం పచ్చగా వెలిగింది.

"ఆగిన పైసలు రెండు మూడు రోజుల్ల పడ్తయమ్మా," అన్నాడు కౌంటరులోని అబ్బాయి. "నంబరు కూడా మారుస్తవా? ఇంట్ల ఎవరిదన్న ఇస్తే నయం."

"కోడలిది రాసుకో తమ్ముడూ," అన్నాను నేను. కౌంటరు చాటున చిన్నమ్మ నా నడుం మీద గట్టిగా గిల్లింది.

"వద్దు సారూ. మా బిడ్డదే ఉండనీ."

బయటికి వచ్చాక అడిగితే చెప్పింది. "పైసలు పడ్డ ముచ్చట నాకన్న ముందుగాల కోడలికి తెలిస్తె, అవి ఇంటి పైసలైతయి బిడ్డా. నా చేతికొచ్చినంక నేను చెప్తె, నా పైసలైతయి. మెసేజ్ వస్తదని తెలిస్తె తన నంబరే రాయిస్తది."

వాక్యం చదువుకున్నదాన్ని, ఎన్నో ప్రసంగాలు విన్నదాన్ని. సంఘం ముందు ఒప్పుకుంటానన్న మాట మళ్ళీ ఎత్తకుండా ఆటోను పిలిచాను.

బుధవారం స్కూలు స్టాఫ్‌రూములో ఉండగా మెసేజ్ వచ్చింది. ఈసారి అక్షరం పొల్లుపోకుండా నిజమే చెప్పాలని నిశ్చయించుకుని ఫోను చేశాను. కోడలు ఎత్తింది. "అత్తమ్మా, వదినె చేసింది," అని చిన్నమ్మకు ఇచ్చింది.

"చిన్నమ్మా, బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఆగినయన్నీ పడ్డయి."

"ఆహా, ప్రార్థనల ఉన్నప్పుడే తెలిసిందా బిడ్డా?" అంది, వాకిలి దాకా వినపడేంత గట్టిగా.

"కాదు. స్టాఫ్‌రూముల ఉన్న. ఫోనుల వచ్చింది."

"ప్రార్థనలనేనట," అని పక్కనున్న కోడలికి చెప్పింది. తర్వాత ఫోనుకు నోరు ఆనించి, "కోడలు ఈడనే ఉన్నది. నువ్వు ఇంక పెట్టెయ్," అంది.

పెట్టేశాను. బల్ల మీద తల వాల్చి క్షమాపణ అడిగాను. అప్పటిదాకా నా ఒక్కదాని తరఫునే అడిగేదాన్ని. ఇప్పుడు నెలనెలా ఇద్దరి తరఫునా అడగాల్సి వస్తోంది.