ఏ కోర్టూ విప్పని టిక్కీ

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా కోడలు ఒక చేత్తో పప్పన్నం కలుపుకుంటూ, రెండో చేత్తో ఫోనులో ఏదో పొడవాటి కాగితాన్ని పైకి తోసుకుంటూ పోతోంది. మంగళగిరి దగ్గర ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, ఎక్కడో ఐర్లండులో ఉన్నవాళ్లకి బొమ్మలు గీసి పంపడం ఆమె పని. ఆ కాగితం వాళ్లతో చేసుకునే ఒప్పందమట. చదవకుండా చివరిదాకా వెళ్లి, ఒప్పుకుంటున్నానని వేలు పెట్టబోతుంటే, ఆగమ్మా అని నేను అరిచిన అరుపుకి వంటింట్లో మా ఆవిడ గరిట జారవిడిచింది. కళ్లజోడు తెచ్చుకుని చివరి వరుసలు చూశాను. తగాదా వస్తే ఆ దేశపు కోర్టులే వింటాయని ఉంది.

"తగాదా ఎందుకొస్తుంది మావయ్యా, వాళ్లు చాలా మంచివాళ్లు" అని కోడలు నవ్వింది.

నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇంతే ధైర్యంగా ఉన్నాను. ఆమె నవ్వుతుంటే నా కుడి అరచేయి దానంతటదే వెచ్చబడింది. ఆ వేడి ఎక్కడిదో నాకు తెలుసు కనుక అన్నం సగంలో వదిలేసి లేచాను.

గుంటూరు మిర్చి యార్డుతో పరిచయం ఉన్న నా వయసువాళ్లకి నెమలి గుర్తు టిక్కీలు గుర్తుండే ఉంటాయి. టిక్కీ అంటే మేం మిరపకాయలు తొక్కి కుట్టే గోనె మూట. దాని మీద నీలిరంగు నెమలి ఉంటే కొనేవాడు లోపల చెయ్యి పెట్టి చూసేవాడు కాదు. ఆ గుర్తు మా నాన్నగారిది. నాన్నగారు పోయాక నేనూ, మా అక్క మొగుడూ కలిసి కొట్టు నడిపాం. మలేషియా కొనుగోలుదారు తరఫు మనిషి యార్డుకి వచ్చినప్పుడు, బేరం మన పద్ధతిలోనే జరిగింది. తువ్వాలు కింద ఇద్దరం చేతులు కలిపాం, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకున్నాం, చేతులు విడిచాం. చేతులు విడిస్తే బేరం అయిపోయినట్టే. వారం తర్వాత వచ్చే ఇంగ్లీషు కాగితాలు బ్యాంకు కోసమని అందరం అనుకునేవాళ్లం, నేనూ అలాగే అనుకుని వెనక పేజీ తిప్పకుండా సంతకం పెట్టాను.

ఆ ఏడు కల్లాల్లో కాయ ఎండుతుండగా వాన పడింది. ఎర్రగా ఉండాల్సినవి తెల్లమచ్చలు తేలి తాలుకాయలయ్యాయి. అదే సమయంలో నేను పచ్చకామెర్లతో మంచాన పడ్డాను. తక్కువైన సరుకు మా బావే అద్దంకి వైపు తిరిగి కొనుక్కొచ్చి, ఓడకి ఎక్కించాడు.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. మీ కాయలకి రంగు వేశారు, అని. ముందు గౌరవం లేదు, వెనక గౌరవం లేదు, పైగా మా నాన్నగారి పేరు తప్పు రాశారు. ఆ ఉత్తరం సంగతి ఎలా పొక్కిందో గానీ, యార్డులో మా ఎదుటి కొట్టాయన నా కళ్ల ముందే నెమలి టిక్కీలోంచి ఒక కాయ తీసి, బొటనవేలు నాలిక మీద తడుపుకుని, కాయని రుద్ది, వేలు చూసుకున్నాడు. ఆనాటి నుంచి వాళ్లింట నేను మంచినీళ్లు ముట్టలేదు. ఆయన కూతురి పెళ్లికి వెళ్లలేదు. ఆయన పోయినప్పుడు కూడా వీధి చివర నిలబడి వెనక్కి వచ్చేశాను.

సరుకు మంచిదని తేల్చమని గుంటూరు కోర్టులో దావా వేశాను. మలేషియా వాళ్లు, ఇది మా దేశపు కోర్టు వినాల్సిన తగాదా అని అడ్డం తిరిగారు. మా ప్లీడరుగారు, ఆ మాటే రాసి ఉన్న వెనక పేజీ నా ముందు పెట్టి, "అసలు ఒప్పందం ఎక్కడ జరిగిందండీ?" అని అడిగారు.

"యార్డులోనండి, తువ్వాలు కింద."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడకూడదనే కదండీ తువ్వాలు!"

పక్కన కూర్చున్న ఆయన జూనియరు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వూ నేను మరిచిపోలేదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టులో నడిచిందల్లా, ఈ తగాదా ఏ దేశం వినాలి అన్న ఒక్క మాటే. కాయకి రంగు వేశారా లేదా అని ఎవరూ అడగలేదు. తేల్చడానికి సాక్ష్యం మాత్రం ఉంది. ఓడకెక్కే ప్రతి సరుకులోంచీ ఒక టిక్కీ తీసి, ఇద్దరి లక్క ముద్రలూ వేసి కోల్డు స్టోరేజిలో పెట్టడం మా ఆచారం. ఇద్దరూ ఎదురుగా నిలబడితే తప్ప దాన్ని విప్పకూడదు. వినే కోర్టు ఏదో తేలేవరకు దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని జడ్జిగారు కూడా ఆదేశించారు.

నేను మాత్రం వెళ్లి చూసి వస్తుండేవాణ్ని. మే నెల ఎండలోంచి ఆ మందపాటి తలుపు దాటితే చెమట వీపు మీదే చల్లబడి గడ్డకట్టినట్టుండేది. కప్పుదాకా పేర్చిన టిక్కీల మధ్య సన్నటి సందులు, ఒక్క బల్బు, నోట్లోంచి వచ్చే ఆవిరి. చిట్టచివర గోడవారగా అది ఒక్కటే నిలబడి ఉండేది. మొదటిసారి దాని మీద చెయ్యి వేసినప్పుడు ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాను. చుట్టూ ఉన్న టిక్కీలన్నీ మంచులా ఉంటే, అది జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా వెచ్చగా ఉంది. మరోసారి వెళ్లినా అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అంతే.

బావతో చెప్పాను. "నీకింకా కామెర్లు తగ్గలేదురా" అని నవ్వేశాడు గానీ, నాతో వచ్చి చూడమంటే ఎప్పుడూ ఏదో పని చెప్పేవాడు.

కూలీల ముఠా మేస్త్రి ఒకరోజు నన్ను బయటే ఆపేశాడు. "అయ్యా, దాన్ని తీసుకుపోండయ్యా. మావోళ్లు ఆ వైపు పోమంటున్నారు. లోపల గింజలు గలగలమంటన్నాయండి, ఎవరూ కదపకుండానే."

"ఎలుకేమో చూడరా."

"ఆ చలికి ఎలుకెట్టా బతుకుద్దండీ?" అని అతను నాకు దారి వదిలి పక్కకి తప్పుకున్నాడు.

చివరికి మన కోర్టు, సంతకం సంతకమే, అక్కడికే వెళ్లి చెప్పుకోండి అని దావా తిప్పి ఇచ్చేసింది. పట్టు వదలకుండా అక్కడా వేయించాను. ఏడాది తిరగకుండా కాగితాలు తిరిగొచ్చాయి. ఆ కంపెనీ మూతపడి చాలాకాలమైందట, ప్రతివాది అనేవాడే లేడట. రెండు దేశాల కోర్టుల మధ్య నా మాట వినే గది ఒక్కటీ మిగల్లేదు. ఎదుటివాడే లేనప్పుడు, మా ఆచారం ప్రకారం ఆ టిక్కీని విప్పే హక్కు ఈ భూమ్మీద ఎవరికీ లేదు.

మా బావ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో, ఒకనాటి ఉదయం, నా చెయ్యి పట్టుకుని, "ఏరా, ఆ టిక్కీ విప్పావా?" అని అడిగాడు. లేదు బావా, అన్నాను. కళ్లు మూసుకుని గుండెల నిండా ఒక ఊపిరి తీసి మెల్లగా వదిలాడు. అన్నేళ్లుగా బిగపట్టి ఉంచిన ఊపిరిలా ఉంది అది. ఆ తర్వాత అక్కతో మాట్లాడాడు, నాతో మాట్లాడలేదు. రెండోరోజు పోయాడు.

పదోరోజు కాగానే నేను కోల్డు స్టోరేజికి వెళ్లి ఆ టిక్కీ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, మిగతా వాటిలాగే. రెండు లక్క ముద్రలూ చెక్కు చెదరలేదు. కూలీలని పిలిచి, విప్పకుండానే కృష్ణలో కలిపించేశాను.

ఇప్పుడు యార్డులో ఎవరూ టిక్కీ దాచరు. గుప్పెడు కాయ పరీక్షకి పంపితే సాయంత్రానికల్లా ఫలితం ఫోనుకి వస్తుంది. తువ్వాళ్లు లేవు, ముద్రలు లేవు, ఒక మూట ముందు ఎదురెదురుగా నిలబడాల్సిన అవసరమే ఎవరికీ లేదు. మా కోడలు కూడా మొన్న సాయంత్రమే ఆ ఒప్పందం మీద వేలు నొక్కేసిందని తర్వాత తెలిసింది.

నా మాట మాత్రం మారదు. ఆ తగాదా గుంటూరులోనే వినాల్సింది. వింటే నేను గెలిచేవాణ్ననుకుని కాదు. ఓడిపోయేవాణ్నని ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఇక్కడ విని ఉంటే మా బావని సాక్షిగా పిలిచేవారు. బోనెక్కి, నా మొహం చూస్తూ, అద్దంకి కాయ గురించి ఆ ఒక్క మాటా చెప్పేవాడు. నేను ఓ పదేళ్లు అతనితో మాట్లాడటం మానేసేవాణ్ని. ఆ తర్వాత ఎప్పుడో, మా అక్క పోరు పడలేక, ఇద్దరం మళ్లీ ఒక విస్తరి పక్కన ఇంకో విస్తరి వేసుకుని కూర్చునేవాళ్లం.