కుడి చక్రం హుసేనన్నది

మొన్న అనంతపురంలో పశువుల మందుల దుకాణం ముందు ఎవరో పాత జీపు ఆపి, దిగి, ముందు చక్రం నడిమధ్యనున్న బిళ్ళను చేత్తో తిప్పారు. టక్కుమంది. ఆ చిన్న చప్పుడుకే నేను మందుల సంచితో రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. వెనకనున్న ఆటో అతను ఏదో అన్నాడు, అది ఇక్కడ రాయదగింది కాదు. ఆ బిళ్ళ ఉన్న భాగాన్ని లాకింగ్ హబ్బు అంటారు. మామూలు దారిలో దాన్ని వదిలేస్తే ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. ఇసుకలోకి దిగేముందు తిప్పి బిగిస్తే ఇంజను బలం వాటికీ అందుతుంది. ఈ విద్య నాకు నేర్పినవాడు బుక్కరాయసముద్రం రోడ్డులో రేకుల షెడ్డు కింద పనిచేసే మెకానిక్ హుసేనన్న.

పశువుల డాక్టరుగా చేరిన కొత్తలో, ఇసుక వంకల అవతలి గొర్రెల మందల దగ్గరికి పోవడానికి ఒక పాత ఫోర్‌వీల్ జీపు కొన్నాను. అమ్మినవాడు హబ్బులు పీకేసి ఉత్త మూతలు బిగించాడని మొదటి వంకలోనే తెలిసింది. గొర్రెల కాపరులు తోసి గట్టెక్కించారు. మేము తోస్తే పోయేదానికి మళ్ళీ ఇంజనెందుకని ఒక ముసలాయన మర్యాదగానే అడిగాడు. మర్నాడే హుసేనన్న షెడ్డుకు పోయాను.

ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. కుడి చక్రానికి హబ్బు ఆయన బిగిస్తాడు, ఎడమ చక్రానికి బండి సొంతదారే బిగించాలి. కాంట్రాక్టరైనా, తెల్లచొక్కా పెద్దమనిషైనా ఇటుక మీద కూర్చుని స్పానరు పట్టాల్సిందే. నేను డాక్టర్నని గుర్తుచేశాను.

"అయితే కుట్లు బాగా వేస్తావులేమ్మా. వంకలో ఇరుక్కుంటే ఆడ హుసేను ఉండడు, నీ చేతులే ఉంటాయి," అన్నాడు.

బోల్టులు ఎదురెదురుగా బిగించాలట. నేను వరుసగా బిగిస్తే మూడుసార్లు విప్పించాడు. లోపల గ్రీజు మాత్రం ఒక్క వేలితో అద్దీ అద్దనట్టు రాయమన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆషాఢం గాలికి అన్నంలో కూడా దుమ్ము నమిలే ఊళ్ళు మావి. బండి ఇరుసు మొదలు గేటు మడతబందు దాకా గ్రీజు దట్టించి కాపాడుకోవడం ఇక్కడి అలవాటు. పైగా నాకు ఆ బండంటే ప్రేమ. ఒక ఆదివారం రెండు హబ్బులూ విప్పి, ఓళిగలో పూర్ణం పెట్టినట్టు గ్రీజు కూరి, మూతలు బిగించి తృప్తిగా చేతులు కడుక్కున్నాను.

నెల తిరక్కుండానే ఓబులేశు అనే కాపరి ఫోను చేశాడు. వానల్లేక వాడిన జొన్నచేలో లేత పిలకలు మేసి గొర్రెలు కిందపడి కొట్టుకుంటున్నాయి. ఆ పిలకల్లో విషముంటుంది. సూది మందు ఆలస్యమైతే మంద మిగలదు, మంద లేకపోతే ఓబులేశు ఇంటికి ఇంకో ఆధారం లేదు. వంకలోకి దిగేముందు రెండు బిళ్ళలూ తిప్పాను. చప్పుడు రాలేదు. తొందరలో పట్టించుకోకుండా దిగాను. వెనక చక్రాలు ఇసుకను తవ్వుకుని కూర్చున్నాయి, ముందువి కదల్లేదు. మంద ఇంకా రెండు మైళ్ళుంది. హుసేనన్నకు ఫోను చేసి, హబ్బులు పట్టడం లేదని చెప్పాను.

"గ్రీజు ఎంత పెట్టినావమ్మా?"

"కొంచెమే అన్నా."

"వేలితోనా, పిడికిలితోనా?"

"పిడికిలితో."

తిట్టలేదు. "గ్రీజు అడ్డం పడి చక్రాన్ని ఇరుసుకు పట్టించే లోపలి రింగు కదల్లేదు. స్పానరు తీసుకోమ్మా. నేనొచ్చేలోగా నువ్వే మందకాడికి పోతావు," అన్నాడు.

ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని మూతలు విప్పాను. చున్నీతో గ్రీజంతా తోడేసి, బండిలో ఉన్న డబ్బా డీజిలుతో రింగులు కడిగి మళ్ళీ బిగించాను. కుడివైపు విప్పుతుంటే ఈసారి మాత్రం పరాయి ఇంటి బీరువా తెరుస్తున్నట్టుంది. బిళ్ళలు తిప్పి, ఫోర్‌వీల్ లివరు వేసి క్లచ్చు మెల్లగా వదిలాను. టక్కుమంది, ఇంకోసారి టక్కుమంది. జీపు లేచింది.

నేను చేరేసరికి నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి. మిగిలినవి సూదులు పడ్డాక ఒక్కొక్కటే లేచాయి. ఓబులేశు దండం పెడుతుంటే నా గ్రీజు చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆలస్యం నా తప్పేనని చెప్పాను. వచ్చినావు కదమ్మా అన్నాడు, అంతకన్నా తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి హుసేనన్న మోపెడ్ మీద వచ్చాడు. మూతలు విప్పి చూసి, ఎన్ని పోయినాయని అడిగాడు. నాలుగన్నాను.

"నేను మొదట బిగించిన హబ్బులో నువ్వు పెట్టినదానికి రెండింతలు కూరినా. ఆ బండి ఆయప్ప రెండు దినాలు ఇసుకలోనే ఉండె," అన్నాడు. లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇంక రెండు చక్రాలూ నీవేమ్మా."

ఆ తర్వాత నిజంగానే ఆయన నా హబ్బులు ముట్టుకోలేదు. టీ తెప్పించి, స్పానర్ల పెట్టె నా ముందుకు తోసి పేపరు చదువుకునేవాడు. మొదట్లో అది నాకు దక్కిన గౌరవమనుకున్నాను, చాకిరీ తప్పించుకున్నాడేమోనని తర్వాత అనుమానం వచ్చింది. రెండూ నిజమే అయ్యుంటాయి. ఆయన పోయి రెండేళ్ళయింది, ఇంక అడగలేను. ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు హబ్బులు నేనే కడుగుతాను. వేలితో పల్చగా రాశాక, పాపం ఇంత దుమ్ములో తిరిగే బండి కదా, ఇంకొంచెం పెడదామని చెయ్యి గ్రీజు డబ్బా వైపు పోతుంది. ఓబులేశు నాలుగు గొర్రెలు గుర్తొస్తాయి. చెయ్యి గుడ్డకు తుడిచేసుకుంటాను.