బావ పెట్టించిన స్విచ్చులు

మొన్న ఉదయం, చాలా నెలల తరువాత కంప్యూటర్ తెరిచి, మా ఫ్యాక్టరీ ఎలా ఉందో చూద్దామని కూర్చున్నాను. ఫ్యాక్టరీ అంటే నిజమైనది కాదు, వీడియో గేములోది. జనగామలో ఈ రెండు గదుల ఇల్లు తప్ప మరో ఆస్తి లేని నాకు ఆ తెర మీద మాత్రం బొగ్గు గనులున్నాయి, బాయిలర్లున్నాయి, ఆవిరి ఇంజన్లున్నాయి, అక్కడి నుంచి వాగులు దాటి పోయే కరెంటు స్తంభాలూ, వాటి చివర ఇనుము కరిగించే కొలుములూ ఉన్నాయి. తెరిచిన పది నిమిషాలకే పాత గనిలో బొగ్గు అయిపోయింది. బాయిలర్లలో బొగ్గు వేసే ఇనుప చేతులు కూడా ఆ కరెంటుతోనే తిరుగుతాయి కనుక, కరెంటు తగ్గితే అవి నెమ్మదిస్తాయి, అవి నెమ్మదిస్తే బొగ్గు తక్కువ పడుతుంది, బొగ్గు తక్కువైతే కరెంటు ఇంకా తగ్గుతుంది. నేను చూస్తుండగానే ఊరంత ఫ్యాక్టరీ చీకటైపోయింది. నాకేమీ అనిపించలేదు. ఒకప్పుడు కరెంటు ఆఫీసు ఉద్యోగంలో ఒక్క ఫీడర్ లైను పోతేనే కుర్చీలోంచి ఎగిరి లేచేవాణ్ణి. చాలా ఏళ్లుగా ఏది పోయినా ఇంతే. పోయిన ఎండాకాలం మా బావ పోయినప్పుడు కూడా ఇంతే.

బావ అంటే మా అక్క భర్త. ఆయన లైన్‌మన్, నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్, ఇద్దరమూ పాలకుర్తి వైపు ఒకే సబ్‌స్టేషన్ కింద కొన్నేళ్లు పనిచేశాం. నేను రిటైరై, శాలువా కప్పించుకుని వచ్చి, గోడ వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాక, భూపాలపల్లిలో బ్యాంకు ఉద్యోగం చేసే మేనకోడలు ఒక సెలవునాడు వచ్చి ఈ ఆట పెట్టించి పోయింది. తన కిటికీలోంచి నిజమైన బొగ్గూ నిజమైన పొగగొట్టాలూ కనిపిస్తుంటాయట, మామయ్యకు బొమ్మవైనా ఉండాలని తెచ్చిందట. మొదట నవ్వుకున్నాను. నెల తిరిగేసరికి పొద్దున చాయ్ తాగడం మరిచి స్తంభాలు పాతుతున్నాను.

బావ ఆదివారాలు మానుకోట నుంచి రైలెక్కి వచ్చేవాడు. ఆ ఆటకు రెండు చేతులు కావాలి, ఒకటి కీబోర్డుకు, ఒకటి మౌసుకు. బావకు కుడిచెయ్యి మోచేతి కింద లేదు. అందుకని మౌసు ఆయన ఎడమచేతికిచ్చి, కీబోర్డు నేను పట్టుకునేవాణ్ణి. అరవై దాటిన ఇద్దరు మనుషులు ఒకే బొమ్మను నడిపిస్తూ, నువ్వటు పో అంటే నువ్విటు తిప్పు అని కొట్లాడుకుంటుంటే, మేనకోడలు ఫోన్‌లో చూసి పడీ పడీ నవ్వేది.

ఆ ఆటలో కరెంటుకు కోపం లేదు. పారుతున్న తీగను చేత్తో పీకి ఇంకో స్తంభానికి కట్టవచ్చు, వానలో ఎక్కవచ్చు, ఏమీ కాదు. అయినా బావ ఒప్పుకునేవాడు కాదు. ప్రతి లైనుకూ మొదట్లో ఒక స్విచ్ పెట్టించాడు. నేను ఆదమరిచి స్తంభం మీద చెయ్యి పెట్టబోతే చాలు, "ఏం బామ్మర్దీ, ఎల్సీ తీసుకున్నవా?" అని మౌసు వదిలేసి కూర్చునేవాడు. నేను పోయి ఆ స్విచ్ బందు పెట్టి వస్తే గానీ చెయ్యి కదిపేవాడు కాదు.

డిపార్ట్‌మెంటులో పనిచేయని వాళ్ల కోసం చెబుతున్నాను: ఎల్సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కబోయే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు వచ్చి, పుస్తకంలో సంతకం చేసి లైన్ ఆపించుకోవాలి. దిగాక తానే వచ్చి మళ్లీ సంతకం చేయాలి. అంతవరకూ దేవుడు దిగివచ్చి అడిగినా ఆపరేటర్ లైన్ వేయకూడదు. అయితే మన రోజుల్లో సెల్‌ఫోన్లు ఎక్కడివి, స్తంభం దగ్గర నుంచి సబ్‌స్టేషన్‌కు సైకిలు తొక్కి రావాలంటే గంట పట్టేది. అందుకని మాలో మాకు ఒక అలవాటుండేది. ఫలానా టైముకల్లా దిగిపోతాను, ఆ టైముకు లైన్ వేసెయ్ అని నోటి మాట చెప్పి పోవడం. టైం ఎల్సీ అనేవాళ్లం. తప్పని అందరికీ తెలుసు. అందరూ చేసేవాళ్లు.

ముప్పై ఏళ్ల కిందట ఒక ఉదయం బావ అలాగే పన్నెండింటికి వేసెయ్యమని చెప్పి పోయాడు. సంతకం లేదు, బావను బామ్మర్ది సంతకమడుగుతాడా? పన్నెండయింది. వరి పొట్ట మీదుంది, మడులు నెర్రెలు విచ్చాయి, రైతులు వచ్చి వరండాలో కూర్చున్నారు. ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు, ఊరికే నా వైపు చూస్తూ కూర్చున్నారు. పావుగంట ఆగాను. బావ మాట తప్పని మనిషి, రైళ్లయినా ఆలస్యమవుతాయి గానీ ఆయన కాడు, దిగే ఉంటాడు అనుకున్నాను. లైన్ వేశాను. అక్కడ ఆయన తుప్పు పట్టి ఊడిరాని బోల్టుతో ఇంకా పెనుగులాడుతూనే ఉన్నాడు.

మూడో రోజు వరంగల్ పెద్ద దవాఖానకు ఆఫీసర్లు విచారణకు వచ్చారు. చెప్పేద్దామనే నేనూ బావ మంచం పక్కన నిలబడ్డాను, నోరు తెరిచేలోపలే ఆయన అన్నాడు: "కరెంటు కోత అనుకొని ఎక్కిన సార్. ఎల్సీ తీసుకోలే. తప్పు నాదే." ఆ రోజుల్లో కోతలు లేని పూట లేదు కనుక వాళ్లు నమ్మారు, రాసుకున్నారు, పోయారు. నేను లాగ్‌బుక్కులో ఆ గంట ఎదురుగా కోత అని రాశాను. వాళ్లు పోయాక బావ నాతో ఒక్కటే మాట అన్నాడు, మీ అక్కకు చెప్పకు, ఆమెకు నీ ఇల్లు తప్ప వేరే తల్లిగారిల్లు లేదు అని. నిజమే, మా అమ్మానాన్నలు అప్పటికే పోయారు. తప్పు తనదే అని రాసిచ్చినందుకు ఆయనకు పరిహారం రాలేదు, ప్రమోషన్ రాలేదు. మానుకోట ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే కుర్చీలో ఎడమచేత్తో అక్షరాలు దిద్దుకుంటూ మిగతా సర్వీసంతా గడిపాడు. నా పేరు మీద మచ్చ లేదు. ఆ రోజు నుంచే నాలో ఏదో ఆగిపోయింది, ఏడుపు కూడా రావడం మానేసింది.

అక్క నమ్మింది. రోజూ పొద్దున ఆయన అంగీ గుండీలు పెడుతూ, "జర ఎల్సీ తీసుకొని ఎక్కితే ఏం పోతుండె? అంత తొందరేముండె?" అని మొదలుపెట్టేది. చుట్టాల ముందు, పెళ్లిళ్లలో, కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి లేచి కూడా అదే పాట. నలుగురిలో ఆయన తొందరపాటు మనిషైపోయాడు. నిండు కుండ లాంటి మనిషి, తొణికేవాడు కాదు, గడ్డం పైకెత్తి నిలబడి గుండీలు పెట్టించుకునేవాడు. అప్పుడు నేను అక్కడే ఉంటే, పేపరు చదువుతున్నట్టు పట్టుకునేవాణ్ణి. ఆట మొదలయ్యాక ఒకసారి, పక్కనే కూర్చున్న ఆయనతో, చెప్పేద్దామా బావా అన్నాను. "ముందుగాల గా స్విచ్ బందు పెట్టు" అన్నాడు.

మొన్న ఉదయం చీకటైన ఫ్యాక్టరీని ఆ స్విచ్చులతోనే లేపాను. పల్లెల్లో కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేవి చూడండి, ఇక్కడా అంతే. అన్నీ ఒకేసారి అడిగితే మళ్లీ పడిపోతుంది. అందుకని లైన్లన్నీ విడదీసి, కొత్త గని నుంచి బొగ్గు మోసుకొచ్చి బాయిలర్లలో చేత్తో వేసి, ముందు ఆ ఇనుప చేతులకు, తరువాత గనికి, ఆ తరువాత ఒక్కొక్క కొలిమి వరుసకూ కరెంటు ఇచ్చుకుంటూ వచ్చాను. నాలుగు రోజులుండిపోదామని వచ్చిన అక్క, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చుని చూస్తోంది. ఇవేం కరెంటు బుగ్గలురా, ఒక్కొక్కటే వెలుగుతున్నాయి అని అడిగింది. బావ పెట్టించిన స్విచ్చులే అన్నాను. ఆటలో ఉన్న తెలివి ఆనాడు స్తంభం కాడ ఉంటే ఎంత బాగుండేది అంది, వందసార్లు అన్నట్టే.

చెప్పేశాను. ముందే అనుకుని చెప్పింది కాదు. కోత లేదక్కా, నాకు చెప్పి నోటి మాటతో ఎల్సీ తీసుకున్నాడు, లైన్ వేసింది నేను, అని రేషన్ కార్డు నంబరు చదివినట్టు చెప్పాను. ఇక ఆమె నా ఇంటి గడప తొక్కదనుకున్నాను, ముప్పై ఏళ్లుగా నా భయమంతా అదే కదా.

అక్క చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టేసింది. "అయితే గాయన తప్పేం లేకుండెనా? నేను రోజు గుండీలు పెట్టుకుంటనే తిడితి గదరా తమ్మీ. ఒక్కనాడన్న అట్ల కాదే అనకపాయె" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ నేను మోస్తున్నది నా తప్పే అనుకున్నాను, నా బరువే అనుకున్నాను. బావ చెప్పొద్దన్నాడనే సాకుతో, ఆయన బతికి ఉండగా ఆమె క్షమాపణ అడగడానికున్న రోజులన్నీ నేనే తినేశాను. ఆయన పోవడానికి ఒక్క వారం ముందు చెప్పినా, ఒక్క పొద్దున తిట్టకుండా గుండీలు పెట్టి ఉండేది.

ఇప్పుడు కాలం మారింది. ఎల్సీ కావాలంటే ఎక్కేవాడి ఫోన్‌కు నంబరు వస్తుంది, దిగినవాడు ఆ నంబరు చెబితే గానీ లైన్ వేయరట. మంచిదే, బావ అనీ బామ్మర్ది అనీ నోటి మాట మీద ఎవరి ప్రాణాన్నీ వదిలేయరు. మన కాలంలో నమ్మకం ఎక్కువ అని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటుంటే నేను ఊకొట్టడం మానేశాను. అక్క నాలుగు రోజులూ ఉంది. వంట చేసింది, నా మందులు టైముకు ఇచ్చింది, పోయేముందు ఎప్పటిలాగే ఆరోగ్యం చూసుకోమంది. రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. ఒక్క మాటైనా తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు.