మా వదినె చారల వంగ

మొన్న సోమవారం పొద్దున, వంగమడికి నీళ్లు కడుతూనే మా వదినె పోయింది. కబురు వచ్చేసరికి నేను మోట తోలుతున్నాను. ఎద్దుల్ని అలాగే వదిలి పరిగెత్తాను.

మా అన్న పెళ్లాం. మా రెండిళ్ల పెరళ్లకూ నడుమ మొలెత్తు గోడ ఒక్కటే. నాకు అక్షరాలు తక్కువ, ఒకరిని పొగడడం ఇంకా తక్కువ. అయినా ఈమె సంగతి మీకు చెప్పాలి.

కుంఫిణీ దొరలు గొలుసుతో మా చేలు కొలిచిన ఏటి మాట ఇది. నా మడిలో తెల్లవంగ. తాతలు కృష్ణ దాటి ఈ అరవదేశానికి వచ్చినప్పుడు కొంగున ముడేసి తెచ్చిన విత్తనమని కోయముత్తూరు సంత దాకా చాటేవాణ్ణి. వదినె మడిలో పుట్టింటి నల్లవంగ. ఆ ఏడు నా చెట్టొకటి తెలుపు మీద ఊదా చారల కాయలు కాసింది. వారంలో వియ్యాలవారు రావాలి. నాకు తల కొట్టేసినట్టయింది. చెట్టు పెరకబోయాను.

"సుమ్మా ఉండు మరిదీ, చెయ్యి తియ్యి!" గోడ దాటి వచ్చేసింది. "కాసే చెట్టును పెరుకుతావా?"

"నీ నల్లవంగే నా విత్తనం చెడగొట్టింది!"

"కుంఫిణీ గొలుసు చేనుకు హద్దు గీస్తుంది. తుమ్మెదకు గీస్తుందా? పో, దాన్నడుగు." కొంగు దోపుకుంది. "సెరి, వండి పెడతా. బాగాలేకుంటే నేనే పెరుకుతా."

పులుసు పెట్టింది. నేను తలెత్తకుండా తిన్నాను.

"ఏమప్పా, పెరకనా?"

"ముందు ఇంకో గరిటె వెయ్యి."

ఆమె నవ్వుకు గరిటెలో పులుసు సగం నా పంచె మీద పడింది. ఆ మరక పోలేదు, నేనూ ఆ పంచె పారెయ్యలేదు. వియ్యాలవారికీ అదే వండాం. పోతూ విత్తనం అడిగారు!

మరుసటి ఏడు ఆ విత్తనానికి తెల్లవీ నల్లవీ కూడా పుట్టాయి. "చూశావా" అన్నాను. "బాగున్నదాన్ని ఉంచుకుందాం మరిదీ, నీలా ఉండమని దాన్ని అడక్కు" అంది. చారలవే ఏరి, ఏటేటా నాటి, చారల వంగను నిలిపింది. విత్తనానికి వదిలిన కాయకు పాతచీర ఎర్రంచు పీలిక కట్టేది. దాన్ని మనవలే కాదు, నేనూ ముట్టకూడదు.

వదినెను సాగనంపి వచ్చి ఆమె మడిలో నిలబడ్డాను. పండి పసుపెక్కిన కాయొకటి, మెడకు ఎర్ర పీలిక. పొద్దున తడిచేత్తో వేసిన ముడి ఇంకా తడిగానే ఉంది. పక్క పువ్వు మీంచి తుమ్మెద ఝుమ్మని లేచి, గోడ దాటి, నా తెల్లవంగ మీద వాలింది.

నేను తోలలేదు.