ఇద్రీస్ అడగని మార్పు

ఇద్రీస్ మాలిక్ మా ఊరి బస్సు నడిపిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరినైనా స్టాపులో వదిలేసి వెళ్ళాడని నేను వినలేదు. సంచులు పట్టుకుని పరిగెత్తుకొస్తున్న ముసలావిడ అద్దంలో కనిపిస్తే చాలు, ఆపేసేవాడు. లోపల ఎవరైనా ఆలస్యమవుతోందని గొణిగితే వెనక్కి తిరిగి, "అక్కడ వస్తున్నది మీ అమ్మగారైతే ఆగమంటారా, పోనిమ్మంటారా?" అని అడిగేవాడు. 

ఇంగ్లండు ఉత్తరాన ఉన్న మా రోథర్‌క్లఫ్ పెద్ద ఊరేం కాదు. మిల్లులు మూతపడ్డాక మిగిలిన రాతి ఇళ్ళ వరసలు, ఒక పెద్ద చర్చి, రెండు మసీదులు, శనివారం సంత. నేను అక్కడే పుట్టి, అక్కడే ఊరి కౌన్సిల్ వారి లైబ్రరీలో పదిహేడేళ్ళు పనిచేశాను. ఇద్రీస్ భార్య షమీమ్ ప్రతి మంగళవారం వచ్చి నాలుగు డిటెక్టివ్ నవలలు పట్టుకెళ్ళేది. మా పరిచయం అలా మొదలైంది.

ఏటా కౌన్సిల్ జరిపే క్రిస్మస్ దీపాల పండుగలో, డిసెంబరు మొదటి శనివారం ఊళ్ళో క్రిస్మస్ బస్సు తిరిగేది. పైకప్పు తీసేసిన పాత డబుల్ డెక్కర్‌కు దీపాల తోరణాలు కట్టేవారు. పై అంతస్తులో బ్యాండు వాళ్ళు బాకాలు ఊదుతుంటే, వాళ్ళ మధ్య క్రిస్మస్ తాత వేషంలో క్లిఫ్ ఆగ్డెన్ నిలబడి చేతులూపేవాడు. క్లిఫ్ డిపోలో మెకానిక్. పొట్టకు దిండు కట్టుకోవలసిన అవసరం లేని మనిషి.

ఒక ఏడాది ఆ బస్సు నడపవలసినతను జ్వరంతో పడుకున్నాడు. డిపో మేనేజరు ఇద్రీస్ దగ్గరకొచ్చి నసుగుతూ, "మీ మతం ఒప్పుకోదంటే బలవంతం లేదు..." అన్నాడు.

"బస్సుకు మతమేంటి సార్? తాళాలివ్వండి," అన్నాడు ఇద్రీస్.

అలా మొదలై పద్నాలుగేళ్ళు ఆయనే నడిపాడు. రిటైరయ్యాక కూడా నడిపాడు. తన డ్రైవరు టోపీకి వెండి జరీ దండ చుట్టుకునేవాడు. వృద్ధాశ్రమం ముందుకొచ్చేసరికి, కిటికీల దగ్గర కూర్చోబెట్టిన వాళ్ళకు తీరిగ్గా కనిపించాలని బస్సును నడక వేగానికి తగ్గించేవాడు. తన వీధికి వచ్చాక మాత్రం పూర్తిగా ఆపేవాడు. షమీమ్ పళ్ళెంలో వేడి సమోసాలు తెచ్చి పైన బ్యాండు వాళ్ళకు అందించేది. క్లిఫ్ మూడు తినేవాడు, గడ్డానికి నూనె అంటించుకునేవాడు. అన్నీ అయ్యాక స్నేహితులిద్దరూ పబ్బుకు వెళ్ళేవారు. క్లిఫ్‌కు బీరు, ఇద్రీస్‌కు నిమ్మరసం.

పదిహేనో ఏడు కౌన్సిల్ సాంస్కృతిక విభాగానికి ఫిలిప్పా క్రేవెన్ అనే కొత్త అధికారి వచ్చింది. సెప్టెంబరులో మా లైబ్రరీలో ఒక సమావేశం పెట్టింది. కుర్చీలు వేసింది నేను, టీ పోసింది నేను, కాగితాలు పంచిందీ నేనే. పన్నెండు మంది వచ్చారు. ఎక్కువమంది మసీదుల వైపు వీధుల వాళ్ళే. కాగితం మీద ఒక్కటే ప్రశ్న: ఊరి కార్యక్రమాలు అన్ని వర్గాలవారూ తమవిగా భావించేలా ఉండాలని మీరు అనుకుంటున్నారా? కింద అవును, కాదు అని రెండు గళ్ళు.

ఇద్రీస్ చదివి నవ్వాడు. "దీనికి కాదనేవాడెవడు, విన్నీ?" అంటూ అవును మీద టిక్కు పెట్టి నాకిచ్చాడు. టీ కప్పు పట్టుకుని ఉండగా ఫిలిప్పా ఆయన్ని ఫొటో తీసింది. ఆ గంటన్నరలో క్రిస్మస్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. అది నాకు బాగా గుర్తుంది.

నవంబరు మొదట్లో ఇంటింటికీ రంగుల కరపత్రం వచ్చింది. క్రిస్మస్ దీపాల పండుగ ఇకనుంచి 'శీతాకాల వెలుగుల వేడుక'. క్రిస్మస్ బస్సు 'శీతాకాల బస్సు'. 'మన ఊరి వివిధ వర్గాలు చెప్పింది విన్నాం' అని ఒక వాక్యం, దాని పక్కనే టీ కప్పుతో నవ్వుతున్న ఇద్రీస్.

రెండు రోజులకు ఊరి పత్రిక అదే ఫొటోను మొదటి పేజీలో వేసింది. పైన పెద్ద అక్షరాలతో: 'క్రిస్మస్ వద్దన్నారు'.

పత్రిక చూసి ఇద్రీస్ మొదట నవ్వాడట. "వీళ్ళెవరో పొరపాటు పడ్డారు, పొద్దున్నే ఫోన్ చేస్తే సర్దుకుంటుంది," అన్నాడని షమీమ్ తర్వాత నాకు చెప్పింది. ఫోన్ చేస్తే కౌన్సిల్లో ఒకరి నుంచి ఇంకొకరికి కలిపి, చివరికి ఈమెయిల్ రాయమన్నారు.

ఈలోగా ఊరు మారిపోయింది. ఆయన బస్సులో ఏళ్ళ తరబడి తిరిగిన ఆడవాళ్ళు సంతలో మొహం తిప్పుకున్నారు. ఎవరో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టును రెండు ముక్కలుగా విరిచి వాళ్ళ గుమ్మంలో పడేసి వెళ్ళారు. షమీమ్ ఆ ముక్కల్ని ఊడ్చి చెత్తలో వేసింది. "ఏమండీ, ఆ టోపీ కొన్నాళ్ళు పెట్టుకోకండి, దూరం నుంచే గుర్తుపడుతున్నారు," అని బతిమాలింది.

"నేనేం దొంగతనం చేశానా?" అని ఆయన టోపీ పెట్టుకునే డిపోకు వెళ్ళాడు. క్లిఫ్‌కు విషయం చెబితే చాలు, క్లిఫ్ నలుగురికీ చెబుతాడు, అంతటితో పోతుంది అనుకున్నాడు.

క్లిఫ్ బస్సు కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కూర్చోమనలేదు.

"పద్నాలుగేళ్ళు నన్ను ఎక్కించుకుని తిరిగావు కదరా. ఇష్టం లేకపోతే నా మొహాన చెప్పలేకపోయావా?"

"నేనేం అన్నానంటావు, క్లిఫ్?"

"పేపర్లో ఉంది కదా. ఫొటో నీది కాదా?"

"ఫొటో నాదే. మాట నాది కాదు."

"ఊరికే వేస్తారేంటి? ఏదో అనే ఉంటావు. మా మనవరాలు అడుగుతోందిరా, తాతా, నువ్వింక క్రిస్మస్ తాతవి కాదా అని. దానికేం చెప్పమంటావు?"

ఇద్రీస్ టోపీ సర్దుకున్నాడు. తర్వాత, "నన్ను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నావు. ఆ కాగితాన్ని నిన్న చూశావు. దేన్ని నమ్ముతావో నీ ఇష్టం," అని వచ్చేశాడు. క్లిఫ్ వెనక నుంచి పిలవలేదు.

మర్నాడు పొద్దున లైబ్రరీ తలుపు తీసేసరికి ఇద్రీస్ మెట్ల మీద ఉన్నాడు. లోపలికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"విన్నీ, ఆ కాగితాలు నువ్వే పంచావు కదా. అందులో క్రిస్మస్ అన్న మాట ఉందా?"

"లేదండీ."

"మరి గురువారం కౌన్సిల్ సమావేశంలో లేచి ఆ ఒక్క ముక్క చెప్తావా? ఇంకేం చెప్పక్కర్లేదు. నా తరఫున వాదించొద్దు. ఉన్నది చెప్పు, చాలు."

ఆ వారమే మా లైబ్రరీ సిబ్బందిలో ఇద్దరిని తగ్గిస్తారని కబురు వచ్చింది. ఈ గొడవ గురించి ఎవరితోనూ మాట్లాడొద్దని ఫిలిప్పా నాకు ప్రత్యేకంగా చెప్పింది. నేను పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తూ, "చూస్తానండీ," అన్నాను.

ఆయనకు అర్థమైపోయింది. "సరేలే తల్లీ," అని వెళ్ళిపోయాడు.

గురువారం సభ కిటకిటలాడింది. ప్రజలు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ముందుగా లెక్కల మాస్టారు గారెత్ లమ్ లేచాడు. "నేను చర్చికీ పోను, ఏ గుడికీ పోను. కౌన్సిల్ అందరిదీ. చర్చి తన పండుగ తాను చేసుకుంటే నాకు సంతోషమే. కౌన్సిల్ వెలిగించే దీపాలకు ఒక మతం పేరెందుకు? పేరు మార్చడమే న్యాయం," అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఈలలు వేశారు.

తర్వాత ఇద్రీస్. పెళ్ళిళ్ళకు వేసుకునే సూటు వేసుకొచ్చాడు. కాగితం మీద రాసుకొచ్చాడు గానీ చూడలేదు.

"మాస్టారి మాట నేను కాదనను. అది ఆయన ఆలోచన, ఆయన నోటితో ఆయన చెప్పారు. నా నోట్లో మాత్రం మాటలు వాళ్ళు పెట్టారు. నన్నడిగితే నేనేం చెప్పేవాడినో తెలుసా? మా ఈద్‌కు మీరొస్తే, మీకు ఇబ్బందేమోనని నేను దానికి వేసవి మిఠాయిల పండుగ అని పేరు పెట్టను. ఈద్ అనే పిలుస్తాను, పక్కన కూర్చోబెట్టి వడ్డిస్తాను. మీ క్రిస్మస్‌ను మీరు క్రిస్మస్ అని పిలిచి నన్ను రమ్మంటేనే నాకు మర్యాద. పద్నాలుగేళ్ళు ఆ బస్సు నడిపాను. ఏనాడూ పరాయివాణ్ణి అనిపించలేదు. ఈ నెలలో అనిపించింది."

ఫిలిప్పా మైకు అందుకుంది. "మేము ఏ వ్యక్తి పేరూ ఎక్కడా రాయలేదు. వర్గాలు అన్నాం, అంతే."

"పేరు రాయలేదమ్మా. మొహం వేశారు," అన్నాడు ఇద్రీస్.

అప్పుడొక కౌన్సిల్ సభ్యురాలు అడిగింది, "ఆ లైబ్రరీ సమావేశంలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా? ఏం అడిగారో చెప్పగలరా?"

నేను మూడో వరసలో ఉన్నాను. నా బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ఇద్రీస్ వెనక్కి తిరిగి నన్ను చూస్తే లేచేదాన్నేమో అని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన చూడలేదు. అధ్యక్షుడు గంట కొట్టాడు.

ఆ డిసెంబరులో శీతాకాల బస్సును వేరే అతనెవరో నడిపాడు. క్లిఫ్ వేషం వేయనన్నాడు. ఆకుపచ్చ కోటు వేసుకున్న 'శీతాకాల దూత' ఒకడు పైన నిలబడి చేతులూపాడు. ఇద్రీస్ వీధిలో బస్సు ఆగలేదు.

ఫిబ్రవరిలో ఆ సభ్యురాలే పట్టుబట్టి కౌన్సిల్ కాగితాలు బయటికి లాగింది. పేరు మార్పు నిర్ణయం జులైలోనే అయిపోయింది. దీపాల పండుగప్పుడు పెట్టే సంత దుకాణాలను జనవరి చివరిదాకా నడపాలనుకున్నారు, క్రిస్మస్ అంటే డిసెంబరు ఇరవై అయిదుతో అయిపోతుంది కాబట్టి వేరే పేరు కావలసివచ్చింది. మా సమావేశం నాటికే కొత్త బోర్డులకు ఆర్డరు వెళ్ళిపోయింది. జనం అడుగుతారు కాబట్టి చెప్పడానికి ఒక కారణం, చూపించడానికి ఒక ఫొటో అవసరమయ్యాయి. అందుకు నేను కుర్చీలు వేశాను.

పత్రిక ఈ సంగతిని పదకొండో పేజీలో వేసింది. ఈసారి ఫొటో లేదు. ఫిలిప్పా వేరే ఊరికి పెద్ద ఉద్యోగానికి వెళ్ళింది. ఆ ఏటి పండుగకు ఏ ప్రకటనా లేకుండా పాత పేరు తిరిగొచ్చింది. కౌన్సిల్ నుంచి ఇద్రీస్‌కు ఉత్తరం ముక్క కూడా రాలేదు. సంతలో ఒకతను ఆయన భుజం తట్టి, "చివరికి మేమే గెలిచాంలే పెద్దాయనా," అన్నాడట.

నవంబరు ఆఖర్లో క్లిఫ్ బిస్కెట్ల డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు.

"తప్పైపోయిందిరా," అన్నాడు గుమ్మంలోనే.

"లోపలికి రా. టీ తాగుతావా?"

టీ తాగారు. క్లిఫ్ అసలు విషయానికొచ్చాడు. "శనివారం బస్సు సిద్ధం చేశా. బ్రేకులు కొత్తవి వేశా. నువ్వొస్తేనే నేనూ వేషం వేస్తా."

"వేషం వెయ్యి క్లిఫ్. పిల్లలు ఎదురుచూస్తారు. నేను మాత్రం నడపను."

"ఇంకా కోపమేనా?"

"కోపం కాదురా. ఇదివరకు నడుపుతుంటే ఊపే చేతులు చూసేవాణ్ణి, ఎంత బావుండేదో. ఇప్పుడు ఆ చేతుల్లో నా గుమ్మంలో చెట్టు విరిచి పడేసినవి ఏవా అని వెతుకుతాను. అలా వెతుక్కుంటూ బస్సు నడపకూడదు."

క్లిఫ్ అక్కడే ఏడ్చాడని షమీమ్ చెప్పింది. ఇద్రీస్ అతని భుజం మీద చెయ్యి వేశాడట, మాట మాత్రం మార్చుకోలేదట.

నేను వెళ్ళడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. నా ఉద్యోగం నిలిచింది. ఇద్రీస్ నన్ను కూర్చోబెట్టి, నేను చెప్పాలనుకున్నది పూర్తి కాకముందే, "నీ ఇబ్బంది నాకు తెలుసు విన్నీ, వదిలెయ్," అన్నాడు.

షమీమ్ వదల్లేదు. వాకిలిదాకా వచ్చి, "ఆ రోజు ఇంటికొచ్చి ఆయన కౌన్సిల్‌ను ఒక్క మాట అనలేదమ్మా. విన్నీ లేవలేదు అన్నారు. అంతే, అన్నం తినలేదు," అంది.

ఆ తర్వాత ఆమె మంగళవారాలు లైబ్రరీకి రావడం మానేసింది. నవలలు కూతురు తెచ్చిపెడుతోందని విన్నాను. ఇద్రీస్ వీధిలో ఎదురుపడితే ఆగుతాడు, నా మోకాలి నొప్పి గురించి అడుగుతాడు. నేను ఆయన మనవల గురించి అడుగుతాను. ఇద్దరం మర్యాదగానే మాట్లాడుకుంటాం.