నలభై ఒకటో నంబరు వాన

మా బాబాయిని అందరూ పెట్టె బాబాయి అంటారు. ముప్పై ఏళ్లు రేడియో నాటకాలకి చప్పుళ్లు చేసిపెట్టాడు, అన్నీ ఒక్క పెట్టెతోనే. పెట్టె అంటే సింథసైజరే, కాకపోతే మీటలుండవు. అరలో బిగించుకునే నల్లటి ఇనుప పెట్టె, ముందువైపు చిన్న స్క్రీను, నాలుగు బటన్లు. పక్కన కీబోర్డుకి వైరు తగిలించి వాయిస్తే ఒకేసారి పదహారు స్వరాలు పలుకుతుంది. కంపెనీ ఇచ్చిన గంటలూ వేణువులూ బాబాయికి ఆనేవి కావు. అంకెలు మార్చి మార్చి అరవై నాలుగు చప్పుళ్లు సొంతంగా చేసుకున్నాడు. నలభై ఒకటోది రేకుల మీద వాన. మీటకో చినుకు.

"పెళ్ళాం మాట చెవికెక్కదు గానీ, ఆ పెట్టె గుసగుసలన్నీ వినబడతాయి" అని పిన్ని దెప్పేది. ఇప్పుడు దెప్పదు. రెండేళ్లుగా బాబాయికి నిజంగానే ఏమీ వినబడదు.

మొన్న పొద్దున మెసేజ్ పెట్టాడు: "వెంటనే రా. భయంగా ఉంది." ఆర్కెస్ట్రాలో నేను వాయించే కీబోర్డు ఆయన నేర్పిందే. పరుగున వెళ్లాను. స్క్రీను మీద బ్యాటరీ అయిపోతోందని చూపిస్తోంది. ఆ అరవై నాలుగూ లోపలున్న బిళ్ల బ్యాటరీ దయ మీదే బతుకుతున్నాయి. దాన్ని సోల్డరింగ్ చేసి అతికించేశారు, ఊడదీసిన క్షణం మెమరీ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందే కంప్యూటర్లోకి కాపీ తీసుకోవాలి. ఆ కాపీ మంచిదో కాదో అసలుది పోయాక గానీ తెలీదు.

"నా చెవులు అందులోనే ఉన్నాయే" అన్నాడు బాబాయి. "పోతే మళ్లీ చెయ్యలేను."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ కాపీ తియ్యకుండా ఏం చేస్తున్నట్టు! ఆ మొహం చూసి కంప్యూటరు తెరిచాను.

కాపీ మూడుసార్లు తీశాం. పాత బిళ్ల ఊడింది, కొత్తది అతికింది. కాపీని తిరిగి పెట్టెలోకి పంపి, నలభై ఒకటి నొక్కి మీట కొట్టాను. కంపెనీవాడి గంట మోగింది. మళ్లీ పంపాను. గంటే! బాబాయి కళ్లార్పకుండా నా మొహమే చూస్తున్నాడు. నవ్వబోయాను, రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. తాళం! పొరపాటున మెమరీ చెరిగిపోకుండా ఈ పెట్టెకో తాళం ఉంది, పెట్టెని ఆపి మళ్లీ వేసినప్పుడల్లా దానంతటదే పడిపోతుంది. అది తియ్యకపోతే ఏం పంపినా లోపలికి రానివ్వదు. బాబాయి నాకు నేర్పిన మొదటి పాఠం అదే. భయంతో నేర్పినాయనా మర్చిపోయాడు, నేర్చుకున్న నేనూ మర్చిపోయాను.

తాళం తీసి మళ్లీ పంపాను. స్పీకరు పెంచి రెండు చేతులూ మీటల మీద వేశాను. వాన! ముందు అక్కడొకటి ఇక్కడొకటి, తరవాత ధారగా. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ ఏడుపే కొంప ముంచింది. "పోయిందా?" అంటూ బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. పోలేదని తల అడ్డంగా ఊపాను. ఇక రాదని చెబుతున్నాననుకున్నాడాయన. మీటలు వదిలితే వాన మళ్లీ పోతుందేమోనని పిచ్చి భయం, చేతులు తియ్యలేకపోయాను.

"పోనీలేవే, ఏడవకు. నీ తప్పేం లేదు" అన్నాడు.

అంతలో వంటింట్లోంచి పిన్ని గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. మా వంకైనా చూడకుండా బాల్కనీలోకి ఉరికి, ఆరేసిన బట్టలు గబగబా లాగి భుజాన వేసుకుంటోంది. బయట ఎండ మండిపోతోంది.

బాబాయి ఆ ఎండని చూశాడు, పిన్నిని చూశాడు. మెల్లగా కుర్చీలోంచి లేచాడు.

"ఆపకే!" అన్నాడు నాతో, కళ్లు తుడుచుకుంటూ. "దుప్పట్లు కూడా తియ్యనీ!"